కలహమూ – సంస్కారమూ

ఇద్దరు మనుషులు ఒకేచోట పని చేస్తున్నప్పుడు వారి మధ్య తగాదా రావడం వింత కాదు. రాకపోతేనే వింత. పని వున్నచోట పని పంపకం వుంటుంది, ఆజ్ఞ ఇచ్చేవాడూ ఆజ్ఞ మోసేవాడూ వుంటారు, జీతంలోనూ హోదాలోనూ హెచ్చుతగ్గులుంటాయి. ఇవన్నీ వుండి కూడా కలహం లేదంటే అక్కడ ఎవరో నోరు మూసుకుని బతుకుతున్నారని అర్థం. కనుక కలహం మంచిదా, చెడ్డదా అని చర్చించడంలో ప్రయోజనం లేదు. కలహించుకునే ఇద్దరూ వేరువేరు సంప్రదాయాలలో పెరిగినవారైనప్పుడు, వారి కలహాన్ని ఎవరి మర్యాదను బట్టి తీర్చాలి? ఇదీ మనముందున్న ప్రశ్న. పైకి ఇది ఆఫీసు యాజమాన్యానికి సంబంధించిన చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, లోతుకు పోతే న్యాయానికి సంబంధించిన విషయం.

ఈ ప్రశ్నకు ఈనాటి కంపెనీల వద్ద ఒక సమాధానం సిద్ధంగా వుంది. గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్చి పరిశోధకుడు 1967–73 మధ్య అనేక దేశాలలో ఐ.బి.ఎం. వుద్యోగుల నుంచి సేకరించిన జవాబులను ఆధారం చేసుకుని 1980లో ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. కింది వుద్యోగికీ పై అధికారికీ మధ్య వున్న ఎడాన్ని ఒక జాతి ఎంతవరకు సహజంగా అంగీకరిస్తుందో దానికి ‘అధికార దూరం’ అని పేరుపెట్టి, దేశదేశానికీ అంకెలు కట్టాడు. అంతకు ముందే, 1974లో, అమెరికాలో థామస్, కిల్మన్ అనే ఇద్దరు ఒక ప్రశ్నావళి తయారుచేశారు. దాని ప్రకారం కలహంలో మనిషి ప్రవర్తన అయిదు విధాలు: పోటీపడటం, సహకరించడం, రాజీపడటం, తప్పుకోవడం, సర్దుకుపోవడం. ఈ రెండింటినీ కలిపి నేడు శిక్షణ తరగతులు నడుపుతున్నారు. ఫలానా దేశంవాళ్లు ముఖంమీద మాట్లాడతారు, ఫలానా దేశంవాళ్లు చుట్టు తిప్పి చెబుతారు, ఒకరి పద్ధతి ఒకరు తెలుసుకుంటే తగాదా వుండదు — ఇదీ పాఠం.

ఇందులో నిజం లేకపోలేదు. ఒకరి పద్ధతి ఒకరికి తెలియకపోవడం వల్ల వచ్చే తగాదాలు వున్నాయి. ఐతే ఈ పాఠం సంస్కృతిని పుట్టుమచ్చలాగా చూస్తుంది. ఒక మనిషి ఎందుకు ముఖంమీద మాట్లాడగలుగుతున్నాడో, ఇంకొక మనిషి ఎందుకు తల వంచుకుని పోతున్నాడో అది అడగదు. అడగకుండానే ఇద్దరినీ చెరొక గడిలో పెట్టి అంకె వేస్తుంది. ఆ అడగని ప్రశ్ననే మన ప్రాంతపు అనుభవాన్ని ముందు పెట్టుకుని అడిగి చూద్దాం. 2016లో ఎనిమిది జిల్లాలుగా చీలిన పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో ఈ ప్రశ్నకు కావలసినంత సాక్ష్యం వుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాత పరిపాలన భాష మారింది, బడి భాష మారింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలు తాలూకా కచేరీ వరకు అంతవరకూ ఉర్దూ రాజ్యం. దరఖాస్తు, మిసలు, పేష్కారు, గిర్దావరు — వుద్యోగి నోట ఇవే మాటలు. తెలుగులో చదువు చెప్పగలవారూ ఇంగ్లీషులో ఫైలు నడపగలవారూ కావలసివచ్చారు. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాల నుంచి గుమాస్తాలు, ఉపాధ్యాయులు, అధికారులు చాలామంది వచ్చారు. ఇరువురూ తెలుగువారే. కాని ఒకరు పద్ధెనిమిదో శతాబ్దం చివరినుంచి ఇంగ్లీషు ఏలుబడిలో పెరిగిన సమాజం నుంచి, మరొకరు జాగీర్లు, దేశ్‌ముఖులు, వెట్టిచాకిరీ నడిచిన సమాజం నుంచి వచ్చినవారు. ఒకే భాష మాట్లాడేవారి మధ్య కూడా సంస్కృతులు ఎంత వేరుగా వుండగలవో తెలుసుకోవాలంటే, దేశాలు దాటి పోనక్కరలేదు. ఆనాటి ఒక బడిలోకి పోతే చాలు.

ఒక దృశ్యాన్ని వూహించుకుందాం. జగిత్యాల తాలూకాలో ఒక బడి. హెడ్‌మాస్టరు కృష్ణా జిల్లా మనిషి. అసిస్టెంటు మాస్టరు ఆ పక్క వూరివాడు, ఉర్దూలో చదువుకున్నవాడు. హాజరు పట్టీలో ఏదో పొరపాటు కనిపించింది. హెడ్‌మాస్టరు పిల్లల ఎదుటనే, “ఏమండీ మాస్టారూ, మీకు తెలుగు రాయడం కూడా రాదాండీ?” అన్నాడు. మాటలో ‘అండీ’ రెండుసార్లు వుంది, ‘మీరు’ వుంది. వ్యాకరణం ప్రకారం మర్యాదకు లోటు లేదు. అసిస్టెంటు తల వంచుకుని, “అయితది సార్” అని పోయాడు. నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత పై కచేరీకి దరఖాస్తు పెట్టాడు. హెడ్‌మాస్టరుకు కోపం వచ్చింది: “ఎదురుగా చెప్పడానికి నోరు లేదు గాని వెనకనుంచి అర్జీ పెడతాడా? ఎంత కపటం!” మరొకనాడు అదే అసిస్టెంటు స్నేహంగానే, “సార్, నువ్వు చెప్పింది నాకు సమజ్ కాలే” అన్నాడు. హెడ్‌మాస్టరు ఆ వాక్యంలో ‘సార్’ను వినలేదు, ‘నువ్వు’ను విన్నాడు. “చూశారా, సంస్కారం లేదు!”

ఇక్కడ ఎవరు మర్యాదస్తుడు, ఎవరు కాదు? ‘అండీ’తో కూడిన మాట పదిమందిలో ఒక మనిషి పరువు తీసింది. ‘నువ్వు’తో కూడిన మాటలో ఏ అవమానమూ లేదు, మన పల్లెల్లో తండ్రినీ నువ్వనే అంటాం, దేవుణ్ణీ నువ్వనే అంటాం. మర్యాద అనేది సర్వనామంలో వుండదు. ఎదుటి మనిషిని సమానుడుగా చూశామా లేదా అన్నదానిలో వుంటుంది. ఇంత చిన్న సంగతి చదువుకున్న హెడ్‌మాస్టరుకు ఎందుకు తట్టలేదు? ఆయన చెడ్డవాడు గనుకనా? కాదు. తన జిల్లా మర్యాదే మర్యాద అని ఆయనకు చెప్పడానికి పాఠ్యపుస్తకం వుంది, పత్రికలు వున్నాయి, కుర్చీ వుంది. ఇటువైపు మనిషికి అవి లేవు.

ఇక ఆ దరఖాస్తు సంగతి. దాన్ని కపటం అనడానికి ముందు దాని పుట్టుక చూడాలి. దొర ఎదుట నిలబడి ‘ఇది అన్యాయం’ అన్న మనిషికి గడిలో ఏమి జరిగేదో మన ప్రాంతంలో ఎవరికీ వివరించనవసరం లేదు. ‘నీ బాంచెను, కాల్మొక్త’ అనే మాట ఏ జాతి స్వభావంలోనుంచీ పుట్టలేదు. చెప్పు దెబ్బలలోనుంచి పుట్టింది. అటువంటి చోట ఎదురుమాట ప్రాణాంతకం, పై అధికారికి పెట్టుకునే అర్జీ ఒక్కటే దారి. తరతరాలుగా ఆ దారిన నడిచిన మనిషి బడిలోకి వచ్చాక కూడా అదే దారి పట్టాడు. అలాగే హెడ్‌మాస్టరు సూటిదనం కూడా ఆయన రక్తంలో లేదు. గ్రంథాలయ సభలు, పత్రికలు, జాతీయోద్యమం, రైతు సంఘాలు — ఇవి ఆయన సమాజానికి నలుగురిలో నోరు విప్పడం నేర్పాయి. దానికి తోడు, తనకన్నా కింద వున్నవాడితో సూటిగా మాట్లాడటానికి ధైర్యం అవసరం లేదనే సంగతి కూడా మరచిపోరాదు. ఆయన తన పై ఇన్‌స్పెక్టరు ఎదుట ఎంత సూటిగా మాట్లాడేవాడో చూస్తే గాని ఆ సూటిదనం విలువ తేలదు.

కనుక మొదటి నిర్ణయం ఇది: కలహంలో సంస్కృతి మాటకు రూపం ఇస్తుంది. కలహానికి కారణం చాలాసార్లు వేరేచోట వుంటుంది. ఈ రెంటినీ వేరుచేసి చూడడానికి తేలికయిన పరీక్ష ఒకటుంది. వివరించి చెప్పిన తర్వాత తగాదా పోయిందా, అది పద్ధతి తెలియకపోవడం వల్ల వచ్చిన తగాదా. ఎంత వివరించినా మిగిలిందా, అది ప్రయోజనాల తగాదా. ‘నువ్వు’ అంటే అవమానం కాదని ఎవరైనా విప్పిచెబితే హెడ్‌మాస్టరు నవ్వి వూరుకునేవాడు. కాని ‘ఈ హెడ్‌మాస్టరు వుద్యోగం మా జిల్లావాడికి ఎందుకు దక్కలేదు?’ అన్న ప్రశ్న ఏ శిక్షణ తరగతితోనూ పోదు.

చరిత్ర కూడా ఇదే చెప్పింది. స్థానికులకే వుద్యోగాలివ్వాలనీ, స్థానికుడు కావాలంటే పదిహేనేళ్ల నివాసం వుండాలనీ నిజాం నాటి ముల్కీ నిబంధనలు చెబుతున్నా, దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో వుద్యోగాలు పోతున్నాయని 1952లో వరంగల్లులో విద్యార్థులు లేచారు. ఆ సెప్టెంబరులో హైదరాబాదు సిటీ కాలేజి దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి విచారణ జరిపారు. 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అది అమలు కాలేదన్న ఆరోపణ 1969 జనవరిలో పాల్వంచ వద్ద కొత్తగూడెం థర్మల్ స్టేషన్ వుద్యోగుల ఆందోళనతో రాజుకుని తెలంగాణా అంతటా మంటయింది. 1973లో ఆరు సూత్రాలు, 1975లో రాష్ట్రపతి వుత్తర్వు, 1985లో 610 నంబరు జీవో, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె, 2014 జూన్ 2న తెలంగాణా రాష్ట్రం. స్టాఫ్‌రూములో మొదలయిన గొణుగుడు రాష్ట్రం ఏర్పడేదాకా ఆగలేదు. మధ్యలో ‘ఇది అపార్థం మాత్రమే, కలిసిమెలిసి వుంటే పోతుంది’ అని హితవు చెప్పినవారు తక్కువమంది కారు. వారి తప్పు మంచితనంలో లేదు. పోస్టులు, ప్రమోషన్లు, సీనియారిటీ జాబితాలు, ఖర్చుకాని మిగులు నిధులు అనే గట్టి వస్తువులను వారు మనస్పర్థలుగా లెక్కవేశారు. అక్కడ వుంది తప్పు.

ఈ సందర్భంలో మన ఆత్మవిమర్శ కూడా చేసుకోవాలి. విశాలాంధ్ర కోసం ముందు నిలిచి పోరాడినవారిలో కమ్యూనిస్టులు వున్నారు. ఆ ఆశయాన్ని సుందరయ్య ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అనే పుస్తకంగానే రాశాడు. ఒకే భాష మాట్లాడే ప్రజలు ఒకటైతే భూస్వామ్యం మీద పోరు బలపడుతుందన్నది ఆ ఆశయం. అది హీనమయిన ఆశయమని ఎవరూ అనలేరు. ఐతే తెలంగాణా గుమాస్తా బాధను ‘మధ్యతరగతి వుద్యోగాల యావ’ అని తోసిపుచ్చడం ఆ ఆశయంలోనుంచి తప్పనిసరిగా వచ్చే ఫలితం కాదు. రైతు కౌలు కోసం పోరాడితే వర్గపోరాటం, గుమాస్తా ప్రమోషన్ కోసం పోరాడితే సంకుచితత్వమా? చివరికి సి.పి.ఐ. ప్రత్యేక రాష్ట్రాన్ని సమర్థించింది, సి.పి.ఎం. చివరిదాకా వ్యతిరేకించింది. వామపక్షం రెండుగా చీలి నిలబడిందంటేనే ప్రశ్న ఎంత చిక్కుదో తెలుస్తున్నది. అదే సమయంలో రెండో పక్షపు తప్పు కూడా చెప్పాలి. ‘అటునుంచి వచ్చినవాళ్లందరూ అంతే’ అనడం కూడా సంస్కృతిని పుట్టుమచ్చగా చూడటమే. బందరు నుంచి వచ్చి అద్దె గదిలో వుండి పిల్లలకు అక్షరాలు దిద్దించిన బీద ఉపాధ్యాయుడు, రాజధానిలో భూములు కొన్న ఆసామీ ఒకటి కారు. ఇద్దరినీ ఒకే నినాదంతో కొట్టినప్పుడు దెబ్బ తగిలింది మొదటివాడికి. రెండోవాడు ఏ రాష్ట్రం వచ్చినా క్షేమంగానే వున్నాడు.

సంస్కృతి మారనిది అనేవారికి గోదావరి ఒడ్డున వున్న బొగ్గు బావులే జవాబు. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపురం, గోదావరిఖని — ఈ బావులలో దిగినవారు ఎక్కువగా కరీంనగర్, వరంగల్లు, ఆదిలాబాదు, ఖమ్మం పల్లెల నుంచి వచ్చినవారు. వూళ్లో దొర ‘ఏరా’ అంటే దండం పెట్టినవారే. అదే మనిషి బావిలో సర్దారో, ఓవర్‌మనో, వేరే ప్రాంతం నుంచి వచ్చిన ఇంజనీరో ఒక బూతుమాట అన్నాడని టబ్బు నింపడం ఆపి కూర్చున్నాడు. ఒక్కొక్కసారి ఆ షిఫ్టంతా కూర్చున్నది. ‘మాటకే సమ్మెనా?’ అని విస్తుపోయినవారికి ఆ మాట విలువ తెలియదు. వూళ్లో ఆ మాట వెట్టికి గుర్తు. వెట్టిని వదిలి వంద మైళ్లు నడిచి వచ్చి జీతం తీసుకుంటున్న మనిషికి, అదే మాట బావిలో వినిపిస్తే వెట్టి వెంట వచ్చినట్టే. పది పదిహేనేళ్లలో మనిషి కలహించే తీరు ఇంతగా మారింది. పుట్టుక మారలేదు, భాష మారలేదు, దేవుళ్లు మారలేదు. మారినవి రెండే: దొర మీద ఆధారపడని కూలి, పక్కన నిలబడే సంఘం.

యాజమాన్యాలకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. పదిమంది గాని అంతకు మించి గాని కలిసి నోటీసు లేకుండా పని మానితే ఎనిమిది రోజుల వేతనం వరకు కోయవచ్చునని వేతనాల చెల్లింపు చట్టంలో ఒక నిబంధన వుండేది. దాన్ని ప్రయోగించడం మీదనే 1981లో సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఒక మాట అనే హక్కు మేనేజరుకు వూరకే వుంటుంది. ఆ మాట వద్దనే హక్కుకు కార్మికుడు ఎనిమిది రోజుల కూలి చెల్లించాలి. ఇదీ ‘అధికార దూరం’ అంటే. దాన్ని ఏ ప్రశ్నావళితోనూ కొలవనక్కరలేదు, పే స్లిప్పులో కనిపిస్తుంది.

బావి మరొక సంగతి కూడా నేర్పుతుంది. పైకప్పును కర్రతో తట్టి, శబ్దాన్ని బట్టి అది గట్టిదో వదులుదో తెలుసుకుంటారు. వదులు శబ్దం విన్న కార్మికుడు సర్దారుకు చెప్పాలి. ‘పెద్దాయన చూసుకున్నాడు గదా, నేను చెబితే బాగుండదేమో’ అని వూరుకుంటే కప్పు మర్యాద చూడదు. ఇక్కడ మౌనం వినయం కాదు, చావు. విమానయానంలో కూడా ఇదే పాఠం. 1997 ఆగస్టులో గ్వామ్ దీవిలో కొరియా విమానం కొండను ఢీకొని 228 మంది మరణించారు. కెప్టెను పొరపాటును పక్కనున్నవారు గట్టిగా ఎదిరించి చెప్పలేకపోవడం కూడా ఒక కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. దీనికి కొరియా సంస్కృతే మూలమని తర్వాత చాలామంది రాశారు. మంచిది. మరి 1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో జరిగినదేమిటి? రెండు విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది పోయారు. దారి ఖాళీ అయిందా అని అనుమానం వెలిబుచ్చిన ఫ్లైట్ ఇంజనీరును తోసిపుచ్చి విమానాన్ని పరుగెత్తించిన కెప్టెను డచ్చివాడు. అధికార దూరం తక్కువని హాఫ్‌స్టెడ్ లెక్కగట్టిన జాతి అది. ఆ ఇంజనీరు ఒకసారి అడిగి వూరుకున్నాడు. ఆ కెప్టెను కంపెనీలో అతి పెద్దవాళ్లలో ఒకడు. కొరియావాడి మౌనానికి కొరియా సంస్కృతి కారణమైతే డచ్చివాడి మౌనానికి కారణమేమిటి? కొరియా విమాన సంస్థ ఆ తర్వాత కొద్ది ఏళ్లలో శిక్షణ పద్ధతులు మార్చి ప్రమాదాలను అరికట్టింది. పైలట్లు కొరియావారే. మార్చవలసింది జాతిని కాదన్నమాట.

ఇంతవరకు చదివి, ‘ఐతే ముఖంమీద మాట్లాడటమే వుత్తమం, మధ్యవర్తులూ మంతనాలూ వెనకబడినతనం’ అని తీర్మానించుకునే ప్రమాదముంది. అదీ సరికాదు. ఆదిలాబాదు అడవుల్లో గోండులు తగాదాను పంచాయతీలో పెట్టి తీర్చుకుంటారు. వూరి పట్లా, ఆ పైన రాయి సెంటరు, దానికి సార్‌మేడి. మాట అందరి ముందు నడుస్తుంది, ఇరుపక్షాలూ తిరిగి ఒకే వూళ్లో బతకాలి గనుక తీర్పు పగను మిగల్చకుండా చూస్తారు. న్యాయస్థానం గెలుపు ఓటములను తేలుస్తుంది. పంచాయతీ కలిసి బతకడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఇది చిన్న గుణం కాదు. కాని అదే పంచాయతీ మైదానంలో గడి ముందు జరిగినప్పుడు ఏమయింది? పెద్దమనుషులు దొర మనుషులు, తీర్పు ముందే రాసివుంది, దండుగ బీదవాడికి. పద్ధతి ఒకటే, పని వేరు. మధ్యవర్తిత్వం సమానుల మధ్య సఖ్యతకు సాధనం, అసమానుల మధ్య అణచివేతకు సాధనం. సూటిమాట కూడా అంతే. కిందివాడు పైవాడితో సూటిగా మాట్లాడితే అది ధైర్యం, పైవాడు కిందివాడితో సూటిగా మాట్లాడితే చాలాసార్లు అది దబాయింపు. పద్ధతికి విడిగా నీతి లేదు. అది ఎవరి చేతిలో, ఎవరి మీద ప్రయోగం అవుతున్నదో చూసిన తర్వాతనే దాని నీతిని నిర్ణయించాలి.

వలసపోయిన మన మనుషుల విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయి, మస్కటు, సౌదీ పోయినవారు వేలకువేలు. అక్కడి యజమాని కఫీలు. పాస్‌పోర్టు అతని దగ్గర, వీసా అతని పేర. జీతం ఆపినా, తిట్టినా మన మనిషి మాట్లాడడు. కంపెనీ ఫోర్‌మన్ ‘తెలుగువాళ్లు సాధువులు, గొడవ చేయరు’ అని సర్టిఫికెట్ ఇస్తాడు. ఒకనాడు ఆ సాధువు చెప్పకుండా క్యాంపు వదిలి పారిపోతాడు. మన వూళ్లలో దీన్ని ‘ఖల్లివల్లి అయిండు’ అంటారు. థామస్, కిల్మన్ల ప్రశ్నావళి అతని చేత నింపిస్తే అతడు ‘తప్పుకునే’ తరగతికి చెందినవాడని తేలుతుంది, అంతకు ముందు ఏడాది ‘సర్దుకుపోయే’ తరగతి. అతని గుణం తేలినట్టే. అతని పాస్‌పోర్టు ఎక్కడుందో మాత్రం తేలదు. కతారు ప్రభుత్వం 2020లో యజమాని అనుమతి లేకుండా వుద్యోగం మారవచ్చునని చట్టం మార్చింది. అమలులో లోపాలు వుండనీ, ఆ ఒక్క మార్పు మనిషి నోటికి ఇచ్చే బలం వెయ్యి శిక్షణ తరగతులు ఇవ్వలేవు.

ఇప్పుడు మనవైపు చూసుకుందాం. ఎందుకంటే ఇతరుల తప్పుతో ముగించే వ్యాసం నీతిని గురించిన వ్యాసం కాదు.

రాష్ట్రం వచ్చింది. కుర్చీలలో మనవారు కూర్చున్నారు. పెద్దపల్లి ఇటుక బట్టీలలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పని చేస్తున్నాయి. రైస్‌మిల్లులలో బస్తాలు మోసేవారు బీహారు హమాలీలు. 2020 మే నెలలో దేశంలోని కూలీలందరూ ఇళ్లకు నడిచిపోతుంటే, ఖగడియా నుంచి ప్రత్యేక రైలులో వారిని తెలంగాణాకు రప్పించుకున్నాం. వారు లేనిదే మన వడ్లు బియ్యం కావని దానితో తేలింది. వారికీ మన మేస్త్రీలకూ తగాదా వస్తే ఎలా తీరుతుంది? వారు అడ్వాన్సు తీసుకుని వచ్చినవారు, భాష రానివారు, ఓటు లేనివారు. ‘వాళ్లు మంచోళ్లు, ఎంత పని చెప్పినా మాట్లాడరు’ అని మనం మెచ్చుకుంటున్నాం. డెబ్బయి ఏళ్లనాడు జగిత్యాల బడిలో ‘అయితది సార్’ అన్న మనిషిని చూసి ఇలాగే మెచ్చుకున్నవారు వుండేవారు. వారిని మనం క్షమించలేదు.

గోండు గూడేలకు బడి పంతులును పంపే విషయంలోనూ ఇంతే. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పథకం కింద గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి గోండీలో వాచకాలు తయారుచేశారు. కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగిన మూడేళ్లకు, తిరుగుబాటు భయంతోనైనా సరే, నిజాం ప్రభుత్వానికి ఆ మాత్రం బుద్ధి పుట్టింది. ఏజెన్సీ బడులలో పంతులు వుద్యోగాలు పూర్తిగా ఆదివాసీలకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. అప్పుడు మైదానపు తెలంగాణావారిలో ఎందరం బాధపడ్డాం? స్థానికత మనకు హక్కు, వారికి వచ్చేసరికి సమానత్వానికి భంగం! తన జిల్లా మర్యాదే మర్యాద అనుకున్న ఆ హెడ్‌మాస్టరు ఎక్కడికీ పోలేదు. మన కుర్చీలోనే వున్నాడు.

తెలుగు పాఠం చెప్పే నేను కూడా దీనికి బయటివాణ్ణి కాను. ఒక విద్యార్థి జవాబు పత్రంలో ‘వచ్చిండు’, ‘చెప్పిండ్రు’ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టి ‘వచ్చాడు’, ‘చెప్పారు’ అని దిద్దాను. నేనూ ఆ మాటల్లోనే పెరిగినవాణ్ణి. అతడు ఏమీ అనలేదు. పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని మౌనాన్ని నేను ఒప్పుకోలు అనుకున్నాను. ఆ పత్రంలో అతడు రాసిన ఆలోచన తరగతిలో అందరికన్నా మెరుగయినదన్న సంగతి, మార్కులు కలిపేటప్పుడు గాని నాకు స్ఫురించలేదు. కాళోజీ జయంతిని ఏటేటా తెలంగాణా భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ మరునాడు చేతిలోని ఎర్ర సిరా ఏమి చేస్తున్నదో కూడా చూసుకోవాలి.

మన సంఘాలలో, సభలలో ఈ రోగం లేదనుకోరాదు. పుస్తక భాషలో ధారాళంగా మాట్లాడే కార్యకర్త మాట నెగ్గుతుంది. హమాలీ సంఘం నుంచి వచ్చిన సభ్యుడు, ఆడమనిషి, గూడెం నుంచి వచ్చిన యువకుడు చివరి వరుసలో కూర్చుని ‘సరే’ అంటారు. తీర్మానం ఏకగ్రీవమని మినిట్సులో రాస్తాం. ఏకగ్రీవంలో ఎన్ని మౌనాలు కలిశాయో లెక్కించే అలవాటు మనకింకా రాలేదు.

కలహించుకునే ఇద్దరిలో ఎవరి మర్యాదను కొలతగా తీసుకోవాలని మొదట ప్రశ్నించుకున్నాం. ఎవరి మర్యాదనూ కొలతగా తీసుకోనవసరం లేదు. కొలత వేరే వుంది: ఇద్దరిలో బలహీనుడు తన ఫిర్యాదును తన మాటలో, తన పద్ధతిలో చెప్పుకుని, మరునాడు తన కూలిని, కొలువును, పరువును పోగొట్టుకోకుండా పనిలోకి రాగలుగుతున్నాడా? రాగలిగిన చోట ఎన్ని సంస్కృతులు వున్నా కలహాలు తీరే మార్గం దొరుకుతుంది. సూటిగా మాట్లాడేవాడూ, మధ్యవర్తిని పంపేవాడూ, అర్జీ పెట్టేవాడూ ఎవరి దారిన వారు ఒకే న్యాయానికి చేరుకుంటారు. రాలేని చోట ఎంత సామరస్యం కనిపించినా అది దొరల కాలపు సామరస్యమే. ఇటుక బట్టీ దగ్గర, మిల్లు దగ్గర, మన స్టాఫ్‌రూములో, మన సభలో ఈ కొలత పెట్టి చూడటం రేపటినుంచి మొదలుపెట్టవచ్చు. దానికి ఏ ప్రభుత్వ వుత్తర్వూ రానక్కరలేదు.